పెద్ద ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టడం: 12 ఎంబీ ఫైలు చెడకుండా ఎలా?

#1 · బందరురోడ్

అందరికీ నమస్కారం. 24 మెగాపిక్సెల్ కెమెరా, ఒక్కో జేపెగ్ 10 నుంచి 14 ఎంబీ వస్తోంది. ఇక్కడ ఈ ఫోరంలో ఫొటోకి 2 ఎంబీ దాటనివ్వరు. వేరే సైట్లలో పెద్దదే తీసుకుంటారు గానీ ఎక్కాక చూస్తే మసకగా ఉంటోంది. నిలువు ఫొటోలు కొన్ని పడుకుంటున్నాయి. పట్టుచీరల ఎరుపు, పసుపు వెలిసిపోయినట్టు కనపడుతున్నాయి. ఇవి కాక ఒక పెళ్లి ఫొటోలు 400 దాకా ఒరిజినల్స్ చుట్టాలకి పంపాలి, వాట్సాప్‌లో పెడితే క్లారిటీ లేదంటున్నారు.

ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లలో ఇర్ఫాన్‌వ్యూ, జింప్ ఉన్నాయి. లైట్‌రూమ్ లేదు. కొంచెం వివరంగా చెప్పగలరు.

#2 · సింగ్‌నగర్ కుర్రాడు

అన్నా, 300 డీపీఐ ఉన్నదాన్ని 72 చెయ్. సైజు దానంతటదే తగ్గుద్ది.

#3 · బ్రాడీపేట ల్యాబ్

తగ్గదు తమ్ముడూ. డీపీఐ అనేది ఫైల్లో రాసిపెట్టిన ఒక అంకె, అంతే. కాగితం మీద అంగుళానికి ఎన్ని చుక్కలు వెయ్యాలో ప్రింటరుకి చెప్పడానికి. 6000 × 4000 ఫొటోలో ఆ అంకె 72 అన్నా 300 అన్నా పిక్సెల్స్ అవే రెండు కోట్ల నలభై లక్షలు, ఫైలు సైజు అదే. తెర ఆ అంకెను అసలు పట్టించుకోదు. ఫొటోషాప్‌లో తగ్గినట్టు కనపడేది రీశాంపుల్ (పిక్సెల్స్ సంఖ్య మార్చే) టిక్కు పెట్టి ఉండబట్టి. అప్పుడు తగ్గింది పిక్సెల్స్, పేరు మాత్రం డీపీఐకి వచ్చింది.

బందరురోడ్ గారూ, తెర మీద చూడటానికా, ప్రింటుకా అన్నది ముందు తేల్చుకోండి. రెంటికీ ఒకే ఫైలు పంపాలనుకోవడం దగ్గరే తంటా అంతా. 12 × 18 అంగుళాల ప్రింటుకి 300 లెక్కన 3600 × 5400 కావాలి, మీ ఒరిజినల్ చక్కగా సరిపోద్ది. అదే తెరకి తగ్గించిన 2048 ఫొటో మా దగ్గరికి తెస్తే ఏడు అంగుళాల లోపే.

#4 · పటమట పిక్సెల్

ల్యాబ్ గారు చెప్పినట్టు రెండు కాపీలు ఉండాలి. ఒరిజినల్ జోలికి పోకండి. చూపించే కాపీ విడిగా తయారు చేసుకోండి. సైటు ఎలాగూ కోస్తుంది, ఆ కోత మనమే కోసుకుంటే పోలా? మీ చిక్కులు చాలావరకు దీంతోనే పోతాయి.

మసక ఎందుకొస్తుందంటే: 6000 పిక్సెల్స్ వెడల్పున్న ఫొటోని సర్వరు 1600కో 2048కో దించుతుంది, ఆ తర్వాత డిస్కు ఆదా కోసం గట్టిగా నొక్కుతుంది (కంప్రెస్ చేస్తుంది). దించినప్పుడు అంచులు మెత్తబడతాయి, వాటికి మళ్లీ పదును పెట్టే ఓపిక సర్వరుకి ఉండదు. మనం ముందే దించి పదును పెట్టి పంపితే దానికి చేసేందుకు పెద్దగా పని మిగలదు.

ఇర్ఫాన్‌వ్యూలో బీ కీ నొక్కితే బ్యాచ్ కన్వర్షన్ తెరుచుకుంటుంది. ఫొటోలన్నీ కుడివైపు జాబితాలోకి చేర్చండి. ఔట్‌పుట్ ఫార్మాట్ జేపీజీ, పక్కనే ఆప్షన్స్‌లో క్వాలిటీ 85. తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ టిక్కు పెట్టి లోపలికెళ్తే రీసైజ్ భాగం ఉంటుంది. అందులో "లాంగ్ సైడ్" ఎంచుకుని 2048 ఇవ్వండి. వెడల్పు ఇవ్వొద్దు, ఇస్తే నిలువు ఫొటోలు 2048 × 3072 అయిపోయి 2 ఎంబీ దాటిపోవచ్చు. రీశాంపుల్ ఫంక్షన్ వాడమనే టిక్కు ఉండాలి, చిన్న ఫొటోల్ని పెద్దవి చెయ్యొద్దనే టిక్కు కూడా.

ఇలా చేస్తే మామూలు ఫొటో 500 కేబీ నుంచి 1 ఎంబీ మధ్య వస్తుంది. చెట్ల ఆకులు, జనసందోహం, ఇసుక ఉన్నవి ఇంకా పైకి పోతాయి. రాత్రి హై ఐఎస్‌ఓలో (చీకట్లో కెమెరా సున్నితత్వం పెంచి) తీసినవి కూడా అంతే. వాటిలో వచ్చే నాయిస్ (గరుకు) చుక్క ప్రతిదీ జేపెగ్‌కి ఒక వివరమే, దాన్నీ బుద్ధిగా దాస్తుంది. అలాంటివాటికి ముందు నాయిస్ తగ్గించి అప్పుడు దించండి. క్వాలిటీ ముట్టుకోకుండానే సైజు దిగొస్తుంది.

పదునుకి జింప్‌లో అన్‌షార్ప్ మాస్క్: రేడియస్ 0.5, అమౌంట్ 0.5 నుంచి 0.8. తప్పకుండా దించిన తర్వాతే, 100 శాతం జూమ్‌లో చూస్తూ. మనుషుల చెవుల చుట్టూ, తీగల చుట్టూ తెల్లగీత కనపడిందంటే ఎక్కువైనట్టు.

పడుకునే ఫొటోల సంగతి వేరు. కెమెరా నిలువుగా పట్టుకున్నా సెన్సరు అడ్డంగానే రాస్తుంది. "చూపించేటప్పుడు తిప్పు" అని ఎగ్జిఫ్‌లో (ఫైలు వెంట కెమెరా రాసే వివరాల్లో) ఒక గుర్తు పెడుతుంది. మీ కంప్యూటర్ ఆ గుర్తు చదివి తిప్పి చూపిస్తుంది. కొన్ని సైట్లు చిన్నది చేసేటప్పుడు ఎగ్జిఫ్ మొత్తం ఊడబీకుతాయి, గుర్తూ దాంతోపాటే పోతుంది. కాబట్టి పిక్సెల్స్‌నే తిప్పి సేవ్ చెయ్యాలి. జింప్ అయితే తెరిచేటప్పుడే తిప్పమంటారా అని అడుగుతుంది, తిప్పమనండి.

రంగుల గురించి మిగతావాళ్లు చెప్తారు, నా పోస్టు ఇప్పటికే పొడుగైంది.

#5 · నేత_మంగళగిరి

రంగుల సంగతి నేను చెప్తానండీ, చీరల ఫొటోలతోనే రోజూ పని కాబట్టి.

మీ కెమెరా మెనూలో కలర్ స్పేస్ (రంగుల పరిధి) అడోబ్ ఆర్‌జీబీ అని ఉండొచ్చు. అందులో ఆకుపచ్చ, ఆకుపచ్చ-నీలం రంగుల పరిధి, వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ కంటే ఎక్కువ. ఫైలు వెంట ఒక ప్రొఫైల్ ఉంటుంది, ఈ అంకెల్ని ఏ కొలతతో చదవాలో అది చెప్తుంది. సైటు ఎగ్జిఫ్‌తో పాటు ఆ ప్రొఫైల్‌నీ పీకేస్తే బ్రౌజరు దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదువుతుంది. కుంకుమ రంగు ఇటుక రంగవుతుంది. కొన్నవాళ్లు చీర విప్పి చూసి, ఫొటోలో ఇలా లేదే అంటారు.

మార్చేటప్పుడు "కన్వర్ట్" ఎంచుకోవాలి, "అసైన్" కాదు. కన్వర్ట్ చేస్తే అంకెలు మారి రంగు అలాగే ఉంటుంది. అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి రంగు మారిపోతుంది. జింప్‌లో ఇమేజ్ మెనూ, కలర్ మేనేజ్‌మెంట్ కింద ఉంటుంది. ఇకమీదట జేపెగ్‌లు తీసేటట్టయితే కెమెరాలోనే ఎస్‌ఆర్‌జీబీ పెట్టేయండి, ఈ గొడవే ఉండదు. రా (కెమెరా ముడి ఫైలు) తీసేవాళ్లకి ఆ మెనూతో పని లేదు, రా నుంచి బయటికి తీసేటప్పుడు ఎంచుకుంటే చాలు.

ఇంకో సంగతి, నేత బట్టలు తీసేవాళ్లకి ముఖ్యం. మంగళగిరి చీర సన్న గళ్లయితే, లేదా నిజాం అంచు జరీ దగ్గరగా ఉంటే, 6000 నుంచి 2048కి దించగానే బట్ట మీద లేని అలలు కనపడతాయి. ఒరిజినల్‌లో పోగు ఒక్కోటి రెండు మూడు పిక్సెల్స్ ఉంటుంది, దించాక పిక్సెల్ కంటే సన్నమవుతుంది, అప్పుడు పోగులకీ పిక్సెల్ వరసలకీ పొంతన కుదరక ఈ అలలు. దించే ముందు గాసియన్ బ్లర్ రేడియస్ 1 దగ్గర కొంచెం మెత్తబరచండి, పదును సగానికి తగ్గించండి. అయినా పోకపోతే 2048 బదులు 1800 చేసి చూడండి, చాలాసార్లు అదే విరుగుడు. ఒరిజినల్‌ని 100 శాతంలో చూసినా అలలు ఉన్నాయంటే అవి కెమెరాలో పుట్టినవి, వాటికి దూరం మార్చి మళ్లీ తియ్యడమే.

#6 · మిరపకొమ్మ

పటమట పిక్సెల్ గారు 85 అన్నారు, ఒప్పుకుంటా. కానీ ఎరుపు ఎక్కువున్న ఫొటోలకి అదొక్కటీ చాలదు.

గుంటూరు యార్డులో మిర్చి రాశి దగ్గరగా తీసి 85లో సేవ్ చేసి, 200 శాతానికి పెంచి చూడండి. కాయకీ ముచ్చికకీ మధ్య గీత ఉండదు. ఎరుపు ముచ్చికలోకి పాకి ఉంటుంది, పసుపు గింజల చుట్టూ బురద. క్వాలిటీ తక్కువై కాదు అది. జేపెగ్ ఫొటోని వెలుతురు, రంగు అని విడదీస్తుంది. వెలుతురు పూర్తిగా దాచి రంగుని అడ్డంగా సగం, నిలువుగా సగం చేస్తుంది, అంటే నాలుగు పిక్సెల్స్‌కి ఒకే రంగు. దాన్నే 4:2:0 అంటారు. మామూలుగా కంటికి తెలియదు, ఎందుకంటే వివరమంతా వెలుతురులో ఉంటుంది. కానీ వెలుతురు లెక్కలో ఆకుపచ్చ వాటా 0.587 అయితే ఎరుపు వాటా 0.299 మాత్రమే. ముదురు ఎరుపు మీద వివరం ఎక్కువగా రంగులోనే ఉంటుంది కాబట్టి దెబ్బ అక్కడే తగులుతుంది.

ఇర్ఫాన్‌వ్యూ జేపీజీ ఆప్షన్స్‌లో క్రోమా సబ్‌శాంప్లింగ్ (ఈ రంగు కుదింపు) ఆపే టిక్కు ఉంది, పెట్టండి. జింప్‌లో ఎగుమతి చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్‌లో 4:4:4, అంటే రంగు కుదించకుండా మొత్తం దాచడం. ఫొటోషాప్ సేవ్ యాజ్‌లో క్వాలిటీ 7, ఆపైన ఇస్తే అదే ఆపేస్తుంది. సైజు పెరుగుతుంది. 2 ఎంబీలో పట్టకపోతే క్వాలిటీ 80కి దించండి గానీ 4:4:4 వదలొద్దు. మిర్చికి, మందారానికి, ఎర్ర అంచు చీరకి ఇదే నా లెక్క.

#7 · పటమట పిక్సెల్

> క్వాలిటీ 80కి దించండి గానీ 4:4:4 వదలొద్దు

మిర్చికి సరే. సాయంత్రం కృష్ణా నది మీద ఆకాశానికి తిరగబడుతుంది. అక్కడ వివరం ఉండదు, నారింజ నుంచి నీలంలోకి మెల్లగా జారే రంగు ఉంటుంది. జేపెగ్ 8 × 8 గడుల్లో పనిచేస్తుంది, క్వాలిటీ తగ్గేకొద్దీ పక్కపక్క గడుల మధ్య అతుకు బయటపడి ఆకాశం మెట్లు మెట్లుగా కనపడుతుంది. ఆకాశం ఎక్కువున్నవాటికి క్వాలిటీ 90, సబ్‌శాంప్లింగ్ ఉంటే ఉండనివ్వండి. నునుపు ఫొటో కాబట్టి 90లో కూడా సైజు పెద్దగా పెరగదు.

ఒక అంకె పట్టుకుని 400 ఫొటోల మీదా రుద్దకండి. ఇంకోటి, ఈ క్వాలిటీ అంకెలు సాఫ్ట్‌వేర్‌కీ సాఫ్ట్‌వేర్‌కీ పోలవు. ఫొటోషాప్ సేవ్ యాజ్‌లో కొలబద్ద 0 నుంచి 12. జింప్ 85, లైట్‌రూమ్ 85 ఒకటి కావు.

#8 · సింగ్‌నగర్ కుర్రాడు

పీఎన్‌జీ ఫార్మాట్‌లో పెడితే క్వాలిటీ పోదు కదా, అందరూ జేపెగ్ అంటారేంటి?

#9 · బ్రాడీపేట ల్యాబ్

పోదు, ఫైలు 30, 40 ఎంబీ అవుద్ది. జేపెగ్‌లో ఒకసారి పోయిన వివరం పీఎన్‌జీ చేసినంత మాత్రాన తిరిగి రాదు కూడా. లోగోలకి, స్క్రీన్‌షాట్లకి, అక్షరాలున్న పోస్టర్లకి పీఎన్‌జీ. ఫొటోకి జేపెగ్.

జేపెగ్‌ని తెరిచి, దిద్ది, సేవ్ చేసి, రేపు మళ్లీ అదే తెరిచి సేవ్ చెయ్యడం మానుకోండి. ప్రతి సేవ్‌కీ కొంత పోద్ది. దిద్దుబాటు ఎప్పుడూ ఒరిజినల్ మీద మొదలుపెట్టాలి, మధ్యలో ఆపితే జింప్ సొంత ఫార్మాట్‌లో దాచుకోవాలి.

#10 · బందరురోడ్

చాలా థ్యాంక్సండీ. మెనూలో చూశాను, అడోబ్ ఆర్‌జీబీయే ఉంది. ఇప్పుడు ఆ 400 ఒరిజినల్స్ పంపడం ఎలాగో చెప్పండి. మొత్తం 4.8 జీబీ. మెయిల్లో అయితే రెండు ఫొటోలకే ఆపేస్తోంది.

#11 · కొండపల్లి బొమ్మ

మెయిల్ వదిలెయ్యండి. జీమెయిల్ హద్దు 25 ఎంబీ. మెయిల్లో వెళ్లేముందు ఫైలుని అక్షరాలుగా మారుస్తారు, అందులో మూడో వంతు పైనే ఉబ్బుతుంది. 12 ఎంబీవి రెండు పెడితే 24 కాదు, 33 దాకా పోతుంది.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే పొడుగు వైపు 1600 పిక్సెల్స్ దగ్గరికి కోసేస్తుంది. 2023లో హెచ్‌డీ బటన్ ఇచ్చారు, కాస్త నయం, అయినా ఒరిజినల్ కాదు. ఒరిజినలే వెళ్లాలంటే అటాచ్ గుర్తు నొక్కి గ్యాలరీ కాకుండా డాక్యుమెంట్ ఎంచుకోవాలి. ఫైలు ఒక్కోటి 2 జీబీ దాకా యథాతథంగా పోతుంది. పది, ఇరవై ఫొటోలకి బాగుంటుంది. 400కి వద్దు, చుట్టాల ఫోన్లు నిండిపోయి మిమ్మల్నే తిట్టుకుంటారు.

4.8 జీబీకి గూగుల్ డ్రైవ్ ఫోల్డర్ లింకే మేలు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిలుకీ, డ్రైవ్‌కీ, ఫొటోస్‌కీ కలిపి, ముందు ఖాళీ ఉందో లేదో చూసుకోండి. గూగుల్ ఫొటోస్‌లో పెట్టేట్టయితే "స్టోరేజ్ సేవర్" ఆపండి, అది 16 మెగాపిక్సెల్స్ దాటినవాటిని తగ్గిస్తుంది. లింకు తీసేటప్పుడు "రిస్ట్రిక్టెడ్" నుంచి "లింకు ఉన్న ఎవరైనా" అని మార్చకపోతే అర్ధరాత్రి దాకా అనుమతి కోసం మెయిళ్లు వస్తూనే ఉంటాయి. ఎడిటర్ ఇవ్వొద్దు, వ్యూయర్ చాలు. ఎడిటర్ ఇస్తే ఎవరో ఒకరు తమ ఫొటో నచ్చలేదని తీసేస్తారు. వాళ్లు డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు డ్రైవ్ ఫోల్డర్‌ని దాదాపు 2 జీబీ చొప్పున జిప్ ముక్కలు చేస్తుంది. మూడు ముక్కలూ దించుకుంటేనే 400 వస్తాయని చుట్టాలకి ముందే చెప్పండి, ఒక్కటి తెరిచి మిగతావి పోయాయంటారు.

మీరే జిప్ చేసి సైజు తగ్గిద్దామనుకుంటే లాభం లేదు. జేపెగ్ అప్పటికే నొక్కిన ఫైలు, జిప్‌లో తగ్గేదేమీ ఉండదు.

టైము లెక్క కూడా వేసుకోండి. కనెక్షన్ వాళ్లు చెప్పేది మెగాబిట్లు, మన ఫైళ్లు మెగాబైట్లు, మధ్యలో ఎనిమిదితో భాగించాలి. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 2.5 ఎంబీ, 4.8 జీబీకి అరగంట పైన. ఫోన్ డేటా మీద 5 వస్తుంటే రెండు గంటలు దాటుతుంది. చూడాల్సింది అప్‌లోడ్ అంకె, డౌన్‌లోడ్ కాదు.

#12 · నేత_మంగళగిరి

డాక్యుమెంట్‌గా పంపితే ఎగ్జిఫ్ కూడా వెళ్తుందండోయ్. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండగా తీసిందయితే ఇంటి అక్షాంశ రేఖాంశాలతో సహా. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ అవి తీసేస్తుంది. బయటి సైట్లలో పిల్లల ఫొటోలు, ఇంటి ముందు ముగ్గుల ఫొటోలు పెట్టేముందు విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, అట్టడుగున "వ్యక్తిగత వివరాలు తొలగించు" లింకు వాడండి. కాపీ చేసి తొలగించే పద్ధతి ఎంచుకుంటే ఒరిజినల్‌లో తేదీ, లెన్స్ వివరాలు ఉంటాయి.

#13 · మిరపకొమ్మ

ఫైలు పేర్లు తెలుగులో పెట్టకండి. మనసుకి బాగానే ఉంటుంది గానీ లింకులో తెలుగు గుర్తు ఒక్కోటి తొమ్మిది అక్షరాలవుతుంది. "కొండపల్లి" అన్న ఒక్క మాట 81 అక్షరాల శాతం గుర్తుల దండ అయి కూర్చుంటుంది, మధ్యలో ఎక్కడ తెగినా ఫొటో రాదు. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత. ఖాళీలు వద్దు. తెలుగు పేరు ఫొటో కింద వ్యాఖ్యలో రాసుకోండి.

#14 · సింగ్‌నగర్ కుర్రాడు

డ్రైవ్ లింకు ఐఎమ్‌జీ ట్యాగ్‌లో (పోస్టులో ఫొటో చూపించే కోడ్) పెడితే ఫొటో కనపడట్లేదు, విరిగిన బొమ్మ వస్తాంది.

#15 · కొండపల్లి బొమ్మ

డ్రైవ్ ఇచ్చేది ఫొటో ఉన్న పేజీ లింకు, ఫొటో లింకు కాదు. ట్యాగ్‌కి నేరుగా ఫైలు కావాలి, లింకు చివర జేపీజీ అని ఉంటే సాధారణంగా అదే.

అయినా ఉచిత సైట్లో పెట్టి లింకు ఇచ్చే పద్ధతి నాకు నచ్చదు. 2017లో ఫొటోబకెట్ బయటి సైట్లలో ఫొటోలు చూపించాలంటే ఏడాదికి 399.99 డాలర్లు కట్టమంది, ప్రపంచమంతటా ఏళ్లనాటి చర్చల్లో ఫొటోలున్న చోట హెచ్చరిక బొమ్మలు మిగిలాయి. 2023లో ఇమ్‌గర్ ఖాతా లేకుండా ఎక్కించి, ఎవరూ చూడకుండా పడి ఉన్న పాతవి తీసేసింది. ఫ్లికర్ ఉచిత ఖాతాకి 1000 ఫొటోల హద్దు. చర్చలో అవసరమైన ఫొటో ఇక్కడే అటాచ్ చెయ్యండి, 2048లో. ఒరిజినల్‌కి మాత్రం పక్కన లింకు ఇవ్వండి, అది రేపు పోయినా చర్చ అర్థమవుతుంది.

#16 · బందరురోడ్

చివరిగా ఒకటి. సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజీ పనోరమా ఉంది, 15000 × 3000. పైన చెప్పినట్టు లాంగ్ సైడ్ 2048 చేస్తే ఏమీ కనపడటం లేదు.

#17 · పటమట పిక్సెల్

కనపడదు మరి. 2048 × 410 అవుతుంది, గుమ్మానికి కట్టిన తోరణంలా. కిలోమీటరు పైన ఉన్న బ్యారేజీ, గేట్లు ఒక్కోటి కొన్ని పిక్సెల్స్‌లోకి కుదించుకుపోతాయి.

పనోరమాకి ఎత్తు పట్టుకుని దించాలి. ఎత్తు 1080 చేస్తే వెడల్పు 5400 వస్తుంది. దాన్ని మూడు ముక్కలుగా, ఒక్కోటి 1900 వచ్చేలా కోయండి, అతుకుల దగ్గర 150 పిక్సెల్స్ ఒకదాని మీద ఒకటి పడతాయి. చూసేవాడికి ఏ గేటు ఎక్కడుందో తెలియాలంటే ఆ అతివ్యాప్తి ఉండాలి. పైన 2048 పట్టీ ఒకటి, కింద మూడు ముక్కలు పెడితే సరి.

నిజంగా జూమ్ చేసి చూపించాలంటే డీప్ జూమ్ పద్ధతి ఉంది. ఫొటోని 256 పిక్సెల్స్ పలకలుగా కోసి, సగం, పావు, అరపావు సైజుల్లో కూడా పలకలు చేసి పెడతారు. బ్రౌజరు చూస్తున్న భాగం వరకే దించుకుంటుంది. అదనపు చోటు మూడో వంతే. కాకపోతే సొంత సర్వరు స్థలం కావాలి, ఇక్కడ కుదరదు. ఒక్క ఫైలుగా ఉంచాలంటే జేపెగ్ ఒక వైపు 65,535 పిక్సెల్స్ దాకా ఓర్చుకుంటుంది, వెబ్‌పీ అనే ఇంకో ఫార్మాట్ 16,383 దాటనివ్వదు.

#18 · సింగ్‌నగర్ కుర్రాడు

కంప్యూటర్ లేనోళ్ల సంగతేంటి? ఐఫోన్‌లో తీసినవి ఇక్కడ ఎక్కట్లేదు కూడా.

#19 · మిరపకొమ్మ

ఐఫోన్ 2017 నుంచి హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో దాస్తోంది, చాలా సైట్లు తీసుకోవు. సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్, "మోస్ట్ కంపాటిబుల్" పెట్టు, ఇకమీదట జేపెగ్ వస్తుంది. పాతవి మారవు. ఏ ఫోనయినా స్నాప్‌సీడ్ యాప్ సెట్టింగ్స్‌లో ఎగుమతి సైజు 2000 పెట్టుకుంటే సరిపోద్ది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టొద్దు, అది నీ తెర అంతే ఉంటుంది, పైన బ్యాటరీ గుర్తుతో సహా.

#20 · బందరురోడ్

ఈ రాత్రికి బ్యాచ్ పెడుతున్నా. 400 ఒకేసారి ఇచ్చేముందు చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

#21 · బ్రాడీపేట ల్యాబ్

ఔట్‌పుట్ ఫోల్డర్ వేరేది పెట్టండి. ఉన్న ఫైల్ మీదే రాసే టిక్కు తీసెయ్యండి, అది ఉండి ఫోల్డర్ అదే అయితే తెల్లారేసరికి ఒరిజినల్స్ అన్నీ 2048 అయి ఉంటాయి. ముందు ఐదు ఫొటోలతో నడిపించండి: ఒక నిలువు, ఒక ఎర్ర చీర, ఒక ఆకాశం, ఒక రాత్రి ఫొటో, ఒక గుంపు ఫొటో. అవి ఇక్కడ అటాచ్ చేస్తే మిగతా 395 సంగతి చూసి చెప్తాం.